అవ్వ చుట్టిన వింటితాడు

నాకు కుదురు లేదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది గానీ, మా ఇంట్లోవాళ్లకు నేను నడక నేర్చిన రోజే తెలుసు. అన్నం తింటూ మధ్యలో లేస్తాను. బస్సు కోసం ఆగితే షెల్టరులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంటాను. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఇలాంటిదానివి విలువిద్యలోకి ఎందుకు పోయావని అడుగుతారు. నేనేం కోరి పోలేదు. కాలేజీలో ఆటలకు పేర్లు రాసుకుంటున్నప్పుడు కబడ్డీ వరుస పొడుగ్గా ఉంది, నిలబడి ఎదురు చూడటం నా వల్ల కాలేదు, పక్క వరుసలో దూరాను. తీరా నేర్చుకున్నాక తెలిసింది, ఈ ఆటంతా నిలబడి ఎదురు చూడటమేనని.

ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలతో ఆటలాడించే పని నాది. బాపు మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో నేనూ, మా అమ్మా. అమ్మను నేను అవ్వా అనే పిలుస్తాను. అవ్వ బీడీలు చేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కన తంబాకు, కుడిచేతి వేళ్ల మధ్య దారం. పొద్దున వాకిలి ఊడ్చి కూర్చుందంటే పొయ్యి మీద కూర మాడుతున్నా రెండు బీడీలు చుట్టాకే లేస్తుంది. నేను ఆమె కడుపునే పుట్టానా అని చాలాసార్లు అనుమానం వచ్చింది.

ఆదివారాలు బస్సెక్కి కామారెడ్డి వెళ్లి మైదానంలో బాణాలు వేసేదాన్ని. మిగతా రోజులు ఇంటి వెనక వరిగడ్డి మోపులు పేర్చుకుని వాటి మీద. విల్లు మాత్రం నాది కాదు. మాకు నేర్పే సారు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో విల్లు నంబరు, ఎదురుగా తీసుకున్నవాళ్ల పేరు, సంతకం. ఏడాదికోసారి జిల్లా జట్టుకు ఎంపిక జరుగుతుంది. జట్టులో చోటు దొరికితే విల్లు మరో ఏడాది మన దగ్గరే ఉంటుంది, లేకపోతే తిరిగి ఇచ్చెయ్యాలి. వరుసలో ఇంకొకరు కాచుకుని ఉంటారు. నా తరువాత సదాశివనగర్ పిల్ల ఒకతి ఉండేది. నేను బాణం వేస్తుంటే నన్ను కాక నా విల్లునే చూసేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు.

విల్లు వాళ్లదైనా తాడు మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి. చూసేవాళ్ల కళ్లు బాణం మీద ఉంటాయి గానీ మా గోలంతా తాడుతోనే. తాడంటే ఒకటే తాడు కాదు. సన్నటి పోగులు పదహారో పద్దెనిమిదో కలిపి, రెండు కొసలకూ ఉచ్చులు పెట్టి, పురి తిప్పుతాం. పురి ఎక్కువైతే తాడు పొట్టిదై విల్లు ఇంకాస్త వంగుతుంది, తగ్గితే వదులవుతుంది. తాడు నడుమ, బాణం తోక కూర్చునే చోట, వేళ్లతో పట్టి లాగే చోట, జానెడు మేర వేరే దారం సందు లేకుండా చుట్టాలి. దాన్ని సర్వింగ్ అంటారు. అది లేకపోతే వేళ్ల రాపిడికి పోగులు తెగిపోతాయి. లావుగా చుడితే బాణం తోక పట్టదు. సన్నగా చుడితే జారి పడుతుంది. చుట్టడం అయ్యాక కొన్ని పదుల బాణాలు వేస్తేగానీ అది సర్దుకోదు. ఇవి కాక అప్పుడప్పుడూ తాడుకు మైనం పూసి, తోలు ముక్కతో వేడెక్కేదాకా రుద్దుతూ ఉండాలి.

ఇవన్నీ ఇంట్లోనే చేసేదాన్ని. అవసరమైనదానికన్నా ఎక్కువే చేసేదాన్ని. బాగున్న చుట్టును కూడా బాగాలేదనిపించి విప్పేదాన్ని. నిన్న ఎక్కించిన పురి ఇవాళ దించేదాన్ని, బడి స్కేలు పెట్టి పిడికీ తాడుకూ మధ్య దూరం కొలిచి మళ్లీ ఎక్కించేదాన్ని. "తాడును జర సర్దుకోనియ్యి" అని సారు ఎన్నిసార్లు చెప్పాడో. వినేదాన్ని, ఇంటికొచ్చి మళ్లీ బ్లేడు తీసేదాన్ని.

పోయిన వానాకాలంలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి నా విల్లు గోడకు ఆనించి ఉంది. నడుమ కొత్త సర్వింగ్. నా డబ్బాలోని నల్ల దారంతో అవ్వ చుట్టింది. పొద్దున నేను పాతది చిరిగిందని విసుక్కోవడం విన్నదట. చూస్తే కళ్లు చెదిరాయి. ఒక వరుస పక్కన ఒక వరుస, వెంట్రుక దూరే సందు లేదు. నేను ఒక్కనాడూ అంత బాగా చుట్టలేదు. సంబరంగా ఇంటి వెనక్కి తీసుకుపోయి వేయడం మొదలుపెట్టాను. ముప్పై బాణాలు కూడా కాలేదు, చుట్టంతా వదులై వేళ్ల కింద కదలడం మొదలైంది. ఒక బాణం లాగుతుండగానే తాడు మీంచి జారి నా కాలి పక్కన పడింది.

ఇంట్లోకి వచ్చి అవ్వ మీద పడ్డాను. "నిన్నెవలు ముట్టమన్నరు? నీ చేతులు బీడీలకే పనికొస్తయ్. ఇంకోసారి నా తాడు ముట్టకు" అని అరిచాను. పక్కింటివాళ్లకు కూడా వినబడే ఉంటుంది. అవ్వ చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, మూతి మడిచి, చాటలో పెట్టింది. "గట్టిగనే చుట్టిన గద బిడ్డా, ఎందుకు ఊడింది?" అంది. ఆమె నిజంగానే అడిగింది. నేను చెప్పులేసుకుని బయటికి పోయాను.

ఎందుకు ఊడిందో నాకు రెండు రోజులకు అర్థమైంది. పైన చుట్టే దారం, కింద తాడు పురి తిరిగిన వైపే తిరగాలి. ఎదురు తిరిగితే బాణం వేసిన ప్రతిసారీ కాస్త కాస్త విప్పుకుంటుంది. అవ్వ చెయ్యి బీడీకి దారం ఎటు తిప్పుతుందో అటే తిప్పింది. ముప్పై ఏళ్ల అలవాటు. తప్పు తెలిశాక అవ్వకు చెప్పాల్సింది. చెప్పలేదు. అరిచినందుకు సిగ్గుగా ఉంది, ఆ సిగ్గు కూడా నాకు కోపం లాగే బయటికి వస్తుంది.

కొన్నాళ్లకు ఇంకొకటి జరిగింది. నా దగ్గర పాత తాడొకటి ఉండేది, అవసరానికి పనికొస్తుందని దాచాను. ఒక సాయంత్రం చూస్తే అది మంచం కోడుకూ కిటికీ చువ్వకూ మధ్య బిగించి కట్టి ఉంది. దాని పొడుగునా అక్కడక్కడా తెల్లటి బీడీ దారం చుట్టి ఉంది. బట్టలారేయడానికి కట్టుకుందని అనుకున్నాను. అడగొచ్చు కదా. అడగలేదు. బ్లేడు తీసి ఆ తెల్లదారాన్ని కోశాను, చెయ్యి ఆగక కింద పోగులు కూడా తెగాయి. తీసి చెత్తబుట్టలో పడేశాను. అవ్వ నీళ్ల బిందెతో వచ్చి చూసి, "కోసినవా? సరే తియ్యి" అంది. అంతే.

ఎంపిక రోజు దగ్గరికొచ్చింది. ముందురోజు సాయంత్రం నా తాడు మీద ఉన్న సర్వింగ్ బాగానే ఉంది. నెల రోజులుగా వేస్తున్నాను, సర్దుకుంది, బాణం తోక టక్కున పడుతోంది. దాన్ని ముట్టాల్సిన పనే లేదు. కానీ రేపటి గురించి ఆలోచిస్తుంటే చేతులు ఊరుకోవడం లేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరకు విప్పేశాను. కొత్తది చుట్టడం మొదలుపెట్టి మధ్యలో నీళ్లకని లేచాను. మళ్లీ కూర్చున్నాను. రేపటి బస్సు టైము ఫోన్లో చూద్దామని మళ్లీ లేచాను. లేచిన ప్రతిసారీ దారం పట్టు కాస్త వదిలింది. అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఏమీ కాదులే అనుకున్నాను. అవ్వ చాట ముందు కూర్చుని నన్నే చూస్తోంది, చేతులు మాత్రం చాట దాటలేదు. ముట్టొద్దని చెప్పినదాన్ని నేనే కదా.

పొద్దున్నే తను కూడా వస్తానంది. ఎప్పుడూ రాలేదు. వద్దంటే వినలేదు. డబ్బాలో జొన్నరొట్టెలు, వంకాయ కూర పెట్టుకుని నా కన్నా ముందే బస్టాండులో నిలబడింది.

మొదటి సగం ముప్పై ఆరు బాణాలు. మొదటి ఆరు బాగా పడ్డాయి. తరువాత బాణాలు పైకి ఎక్కడం మొదలైంది. గురి దించాను, అయినా పైకే. తాడు చూశాను. చుట్టు మధ్యలో సందులు, లోపలి పోగులు కనబడుతున్నాయి. బాణం తోక కూర్చునే చోట కట్టిన దారపు గుర్తు కిందికి జారింది. గోటితో పైకి తోశాను, రెండు బాణాలకే మళ్లీ జారింది. ఇంకో తాడు ఉంటే మార్చుకోవచ్చు. ఆ ఇంకో తాడును బ్లేడుతో కోసింది నేనే. సగం అయ్యేసరికి పట్టికలో ఎక్కడో అడుగున ఉన్నాను. అరువు విల్లుతో వేస్తున్న సదాశివనగర్ పిల్ల నా కన్నా చాలా పైన ఉంది.

విరామంలో మైదానం చివరన రేకుల షెడ్డు కింద అవ్వ డబ్బా విప్పుకుని కూర్చుంది. నేను విల్లు కింద పెట్టి, బ్లేడుతో చుట్టంతా తీసి పారేశాను. దారం కొస పట్టుకోవడం కూడా రావడం లేదు.

"ఇటియ్యి" అంది అవ్వ.

"నీకు దెల్వది అవ్వా. నువ్వు తిను."

"ఇటియ్యి అంటున్న."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇచ్చేశాను. ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుని, విల్లును చాటలా ఒడిలోకి తీసుకుంది. తాడు మీద గోటితో ఒకసారి గీసి, పురి ఎటుందో చూసుకుంది. తరువాత నేను ఎప్పుడూ మొదలుపెట్టే కొస వదిలేసి, అవతలి కొస దగ్గర దారం పెట్టింది.

"గా కొస కాదు అవ్వా! అందరు ఇటు నుంచి మొదలువెడుతరు" అని అరిచాను.

"నా చెయ్యి ఒక్క దిక్కే తిరుగుతది" అంది, తల ఎత్తకుండానే. "ఇగ గది మారది. నువ్వనే కొస నుంచి పోతే పురికి ఎదురైతది. ఈ కొస నుంచి వస్తే పురి ఎంబడే వస్తది. నీ పాత తాడు మీద చుట్టి చూసిన."

తల కొట్టేసినట్టయింది. మంచం కోడుకు కట్టిన తాడు, దాని మీద తెల్లదారం చుట్లు. ఎందుకు ఊడిందని నన్ను అడిగి, నేను చెప్పకపోతే, తనే కూర్చుని కనుక్కుంది. కనుక్కున్నదాన్ని నేను కోసి చెత్తలో పడేశాను. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి టైము లేదు. పక్కన కూర్చుని ఆమె చేతులు చూశాను. వేళ్లు పరుగెత్తుతున్నాయి, మిగతా మనిషి మాత్రం కదలడం లేదు. చివరి కొసను చుట్ల కిందికి తీసి, బిగించి, పళ్లతో కొరికింది. నేను స్కేలు పెట్టి బాణం గుర్తు కట్టాను. బాణం తోక పెట్టి చూస్తే టక్కున పడింది.

అప్పుడే సారు అటుగా వచ్చాడు. నా బాణాలు ఎక్కడికి పోతున్నాయో చూసినట్టున్నాడు. విల్లు చేతిలోకి తీసుకుని తాడు నడుమ వేలుతో రాశాడు. "ఎవలు చుట్టిండ్రు ఇది? మిషిను మీద చుట్టినట్టున్నది."

"నేనే సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. చుట్టూ మిగతావాళ్లున్నారు, సదాశివనగర్ పిల్ల కూడా ఉంది. పొద్దుటి నుంచి ఒక్క మంచి మాట వినలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది. "గిట్ల పొద్దుగాలనే చుట్టుకోవద్దా మరి" అని సారు వెళ్లిపోయాడు. అవ్వ డబ్బా మూత బిగిస్తోంది. మూత సరిగా పడలేదేమో, తీసి మళ్లీ బిగించింది.

రెండో సగంలో నేను బాగా వేశాను. బాణాలు అనుకున్న చోటే పడ్డాయి, చుట్టు దారమంత కూడా కదల్లేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ దాటుతూ వచ్చాను. చివరకు నాలుగు పేర్లు చదివారు. నాది ఐదో స్థానం. వచ్చే ఆదివారం విల్లు తెచ్చి అప్పజెప్పమన్నారు.

ఆ వారం నాకు నిద్ర, తిండి, ఏదీ సరిగా లేవు. విల్లు పోతోందన్న బాధ సగం, ఆ అబద్ధం సగం. అవ్వకు చెప్పుకుందామని రోజూ చాట ఎదురుగా కూర్చునేదాన్ని. రెండు తునికాకులు తీసి కత్తెరతో అటూ ఇటూ కత్తిరించి, అవి పాడు చేసి, లేచిపోయేదాన్ని. ఆమె కూడా ఆ సంగతి ఎత్తలేదు. బహుశా వినలేదేమో, డబ్బా మూత గోలలో ఉందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా అనుకుంటే కాస్త హాయిగా ఉండేది.

ఆదివారం అవ్వ కూడా వచ్చింది. కామారెడ్డిలో కళ్లు చూపించుకునే పని ఉందంది. సారు ఆఫీసు గదిలో రిజిస్టరు తెరిచి ఉంది. నేను విల్లు సంచి బల్ల మీద పెట్టాను. సారు దాన్ని తెరవలేదు.

"ఒక మాటిను" అన్నాడు. "గా మూలకు చూడు, మూడు విల్లులు పడి ఉన్నయ్. తాళ్లు పాడై ఉత్తగ పడున్నయ్. చుట్టనీకి మనిషి లేడు. నువ్వు వారం వారం వచ్చి తాళ్లు మంచిగ చేసి పెడితే, లైన్ల ఉన్న పిల్లలకు అవి ఇస్త. నీ విల్లు నీ దగ్గరనే ఉండనీ."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. సరే సార్ అన్నాను. సారు ఆ మూడింట్లో ఒక విల్లు తీసి నా చేతిలో పెట్టాడు. "ఒక్కటి చుట్టి చూపియ్యి. మొన్న చుట్టిన లెక్కనే."

కూర్చున్నాను. దారం పెట్టాను. అవ్వ తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని బయట మైదానం చూస్తోంది. పది చుట్లు వేశాను. దారం చేతిలో జారుతోంది. విప్పి మళ్లీ వేశాను. అవ్వ చేసినట్టు అవతలి కొస నుంచి పెట్టాను. అప్పుడు నా చెయ్యికి అది ఎదురు తిరుగుతుంది కదా, అంతా తలకిందులైంది. నీళ్లు తాగాలనిపించింది. సగం లేచాను. సారు నా చేతులే చూస్తున్నాడు. ఈ ఒక్కటి ఎలాగో గట్టెక్కితే చాలు, తరువాత ఇంటికి తీసుకుపోయి అవ్వతోనే చుట్టించి తెచ్చివ్వొచ్చు, ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన నిజంగానే వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. లేచినదాన్ని మళ్లీ కూర్చోలేదు.

"సార్, మొన్న నేను చుట్టలే. మా అవ్వ చుట్టింది. నేను అబద్ధం చెప్పిన" అన్నాను. చేతిలో దారం కింద పెట్టాను. "నాకు ఇంత మంచిగ రాదు."

సారు నన్ను చూశాడు, తరువాత బెంచీ వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. విల్లు నా చేతిలోంచి తీసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాడు. "అక్కా, జర చుట్టుతవా?"

అవ్వ కొంగు నడుముకు దోపి, బెంచీ మీంచి దిగి నేల మీద కూర్చుంది. బెంచీ మీద చెయ్యి ఆడదట. విల్లు ఒడిలో పెట్టుకుని, గోటితో పురి చూసుకుని, అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. సారు కూడా ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఆమె చుట్టడం అయ్యేదాకా నేను ఒక్కసారి కూడా అటూ ఇటూ తిరగలేదు.

సారు రిజిస్టరు దగ్గరికి వచ్చి, నా విల్లు నంబరు ఎదురుగా ఉన్న నా పేరు మీద గీత కొట్టాడు. "అక్కా, నీ పేరు చెప్పు" అన్నాడు.

"నా పేరు మీదనా?" అంది అవ్వ. "నాకు బాణం ఇడుసుడు రాదు గద సారు."

"ఇడిచేది నీ బిడ్డ. విల్లు మాత్రం నీ పేరు మీద ఉంటది. తాళ్లు చుట్టేది నువ్వు గద."

అవ్వ సంతకం చెయ్యడానికి, నాకు ఒక బీడీ చుట్టడానికి పట్టేంత టైము తీసుకుంది. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. ఆ గీత కొట్టిన నా పేరు చూస్తే కొంచెం గుచ్చుకుంది. మంచిదే అయింది అని కూడా అనిపించింది.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుని విల్లు సంచిని ఒడిలో అడ్డంగా పెట్టుకుంది. అది సగం నా మీదికి వచ్చింది. లింగంపేట దాటేదాకా నేను ఆ సంచి జిప్పును తీస్తూ వేస్తూ ఉన్నాను. చివరకు ఆగలేకపోయాను.

"అవ్వా, మొన్న షెడ్డు కాడ సారు అడిగినప్పుడు నేనే చుట్టిన అని చెప్పిన. నువ్వు ఇన్లేదేమో."

అవ్వ పర్సులోంచి ఇద్దరి ఆధార్ కార్డులు తీస్తోంది. కండక్టరు ఆడవాళ్లకిచ్చే పైసల్లేని జీరో టికెట్లు కొడుతూ మా సీటు దాకా వచ్చాడు.

"ఇన్న బిడ్డా" అంది. "పక్కన్నే ఉన్న గద."

ఆ తరువాత నా చేతిని జిప్పు మీంచి తీసి, సంచిని తన వైపుకు జరుపుకుంది.